లక్ష్మీనర్సయ్య కట్టిన మంచె

తార్నాకలో మా లక్ష్మీనర్సయ్యను చూసినవాళ్లెవరూ ఆయన ఒకప్పుడు పులివేటకు మంచెలు కట్టిన మనిషంటే నమ్మరు. ఖాకీ చొక్కా, నెత్తిన మంకీ టోపీ, చేతిలో ఎప్పుడూ మోటరు గది తాళంచెవి. మా సందు చివరి అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పొద్దున్నే నీళ్ల మోటరు వేయడం, ట్యాంకు నిండి కారుతోందని శ్యామలాంబగారు బాల్కనీలోంచి కేక వేయగానే పరుగెత్తి ఆపడం, లోకానికి కనిపించే ఆయన ఉద్యోగం ఇదే.

నేను మాత్రం మొదటి రోజే నమ్మాను. అబద్ధాన్ని వాసనతో పసిగట్టడంలో నన్ను మించినవాడు మెట్టుగూడ నుంచి లాలాపేట్ దాకా లేడు. ఎమ్మే మొదటి ఏడాదిలోనే వదిలేసి, హాస్టల్లో నాన్ బోర్డర్‌గా ఒకరి మంచం మీద పడుకుని, ఇంకొకరి పళ్లెంలో తిని ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చినవాణ్ని. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నేను ఏనుగు కథ చెబుతుంటే ఒక లెక్చరర్ తన క్లాసు తనే ఎగ్గొట్టి కూర్చున్నాడు. ఆయన పేరడగొద్దు, ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్నాడు.

తార్నాక చౌరస్తాలో ఇరానీ చాయ్ ముందు మా ఇద్దరికీ పోటీ నడిచేది.

"నా మంచె మీద ఒక దొర కూసొని నిద్రవోయిండు సామేలూ. పులి అచ్చి మంచె కిందనే పండుకున్నది. తెల్లారి ఇద్దరు ఒక్కపారే లేసిండ్రు," అన్నాడొకసారి.

"పులి ఏమన్నది మరి?"

"ఏమంటది! దొర గురకకు నిద్ర పట్టలే అన్నది."

చాయ్ నా ముక్కులోంచి వచ్చింది. ఆ రోజు ఓటమి ఒప్పుకున్నాను.

ఆయనది అమ్రాబాద్ అడవి పక్క పల్లె. వేట మీద నిషేధం లేని కాలంలో పట్నం నుంచి జీపుల్లో వచ్చే షికారీలకు ఆయన తండ్రి మంచెలు కట్టేవాడు. మీసం రాకముందే తాడు పళ్ల మధ్య కరిచిపట్టుకుని చెట్టెక్కడం కొడుకు పని. వేట బందయ్యాక జొన్నచేలల్లో అడవిపందుల కావలికి మంచెలు కట్టాడు. బోరు ఎండి, చేను పోయి, చివరికి తార్నాక గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో తేలాడు.

పులుల గురించి ఎన్ని కోతలైనా కోసేవాడు గానీ, మంచె గురించి మాత్రం ఒక్క అబద్ధం చెప్పేవాడు కాదు. అక్కడికొచ్చేసరికి గొంతు మారిపోయేది. ఎండిన కొమ్మను నమ్మొద్దు. పాత తాడును నమ్మొద్దు. తుపాకి చేత పట్టుకుని ఎక్కొద్దు, గుండు తీసేసి, గొట్టం కిందికి పెట్టి, మనిషి కూర్చున్నాక వేరే తాడుతో పైకి లాక్కోవాలి. నడుముకు తాడు కట్టి, దాని రెండో కొసను కొమ్మకు కాదు, మానుకే కట్టాలి. మంచె కట్టినవాడే ముందుగా దాని మీద కూర్చుని ఒక రొట్టె తిని దిగాలి. ఆ తర్వాతే ఇంకొకరు ఎక్కాలి. మంచె మీద కూర్చున్నవాణ్ని కింద నుంచి పేరు పెట్టి పిలవకూడదు, ఉలిక్కిపడి తిరిగితే పోతాడు.

"మంచె మీద ఎవ్వడు చావడు బిడ్డా," అనేవాడు. "మంచెకు, చెట్టుకు నడుమ చస్తరు. కాలు ఇటు తీసి అటు పెట్టేటప్పుడు."

రెండువేల పది జనవరి అది. తెలంగాణ ఇస్తున్నామన్న ప్రకటన డిసెంబరులో వచ్చి, ఆ నెల్లోనే వెనక్కి పోయింది. క్యాంపస్ ఉడుకుతోంది. ఎక్కడ దీక్ష టెంటు వేసినా పోలీసులు వచ్చి, దీక్షలో ఉన్నవాణ్ని ఎత్తుకుపోయి ఆస్పత్రిలో పడేసి సెలైన్ ఎక్కించేవారు. అలా ఎత్తుకుపోయినవాళ్లలో రాంచందర్ ఒకడు. రీసెర్చ్ స్కాలర్, మొండివాడు. లక్ష్మీనర్సయ్యకు సొంత మేనల్లుడు.

ఆస్పత్రి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే గేటు దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే మోటరు గది అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"మామా, నాకు మంచె కట్టియ్యి."

"దేనికిరా? క్యాంపస్ల పులులు తిరుగుతున్నయా?"

"టెంటు ఏస్తే ఎత్తుకపోతున్రు. ఈసారి చెట్టు మీద దీక్షకు కూసుంట. ఎట్ల ఎత్తుకపోతరో సూస్త."

నాకు నవ్వొచ్చింది. లక్ష్మీనర్సయ్యకు రాలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కడుపుల బువ్వ లేనోడు మంచె ఎక్కొద్దు. మా నాయిన మాట. కట్ట."

"నువ్వు కట్టకుంటే నేనే కట్టుకుంట. నాలుగు మొలలు కొట్టి..."

"మొలలా!" మేకులన్న ఆ ఒక్క మాటకు ఆయన ముఖం పాలిపోయింది. "పచ్చి చెట్టుకు మొలలా! సచ్చిపోతవురా. మీ అమ్మకు నేనేం జెప్పాలె? మా అక్కకు ఉన్నదే నువ్వొక్కనివి."

"అందుకే నువ్వు కట్టు మామా."

కట్టాడు. అక్క కొడుకును ఆపలేనని తెలిశాక, పడకుండా చూసుకోవడం ఒక్కటే తన చేతిలో ఉందనుకున్నాడు.

హాస్టళ్ల రోడ్డు మీద చెట్లన్నీ చూసుకుంటూ నడిచాడు. నిద్రగన్నేరును తట్టి, "గాలికే ఇరుగుతది," అన్నాడు. తురాయిని చూడను కూడా చూడలేదు. చివరికి ఒక చింత దగ్గర ఆగి, మాను చుట్టూ గొడ్డలి వెనక భాగంతో కొడుతూ, చెవి ఆనించి విన్నాడు. డొల్ల లేదు. హాస్టల్ రెండో అంతస్తు కిటికీ ఎత్తున మూడు కొమ్మలు చేతివేళ్లలా విడిపోయిన చోటు చూపించి, "గాడ," అన్నాడు.

వాసాలు నేనే మోశాను. ఒంటి చేత్తో ఒక్కసారే మోశాను, చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త తాడు తెచ్చాం. ఆయన మంకీ టోపీ తీసి, నడుముకు తాడు చుట్టుకుని ఎక్కాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కింద నిలబడ్డ స్కాలర్లందరికీ నోళ్లు తెరుచుకున్నాయి. కట్టడం అయ్యాక మంచె మీద కూర్చుని, మా కళ్లముందే జొన్నరొట్టె ముక్క నింపాదిగా తిని, రెండుసార్లు ఎగిరి కుదిపి చూసి దిగాడు.

తెల్లవారి చలిలో రాంచందర్ ఎక్కాడు. స్వెటర్, దాని మీద శాలువా. ఆ మొత్తం మీదుగా నడుముకు తాడు చుట్టి లక్ష్మీనర్సయ్య ముడి వేశాడు. ఆవు మెడకు వేసే ముడి అది. ఎంత గుంజినా బిగుసుకోదు, జారదు.

"నా ముడి ఎవ్వడు ముట్టొద్దు. నేనేసిన ముడి నేనే ఇప్పాలె."

తర్వాత జెండా, నీళ్ల సీసా, మైకు గొట్టం వేరే తాడుతో పైకి వెళ్లాయి. మైకును కూడా గొట్టం కిందికి పెట్టే పంపాడు. పోలీసులు ఎక్కకుండా తాళ్ల నిచ్చెన పైకి లాగేశారు. మిగతా అవసరాలకు ఒక సీసా, ఒక తాడు, నా స్నేహం. అంతకుమించి అడక్కండి.

మంచె దీక్ష పేరు మాణికేశ్వర్ నగర్ దాటి పాకింది. ఊరేగింపులు ఆ చింత కిందికే వచ్చేవి. "జై తెలంగాణ" అని కింద నుంచి లేవగానే రాంచందర్ పైన లేచి నిలబడి పిడికిలి ఎత్తేవాడు. పోలీసులు రెండుసార్లు వచ్చి, పైకి చూసి, తలగోక్కుని పోయారు. లక్ష్మీనర్సయ్య డ్యూటీ వదిలేసి చెట్టు కిందే కాపురం పెట్టాడు. పచ్చి వాసాలు ఎండకు ఆరి సన్నబడతాయి, కట్లు వదులవుతాయి అని, రోజు విడిచి రోజు చెట్టెక్కి ప్రతి కట్టునూ కాలితో తన్ని బిగించి వచ్చేవాడు. మేనల్లుడితో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మంచె మీది మనిషిని కదిలించకూడదు కదా.

తొమ్మిదో రోజు పొద్దెక్కాక శ్యామలాంబగారు వచ్చింది. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ రైల్వే ఆఫీసరు కొండలరావుగారి భార్య. పట్టుచీర అంచు పైకి దోపుకుని, కాళ్లకు వాకింగ్ బూట్లతో రోజూ క్యాంపస్‌లో నడిచే మనిషి. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని సందులో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. టేపు లేకుండా మనిషిని చూసి కొలతలు చెప్పేసేది. నన్ను చూసి ఒకసారి, "నీ నోరు తప్ప అన్నీ ముప్ఫై రెండే," అన్నది.

"ఏమయ్యా లక్ష్మీనర్సయ్యా! మోటరు ఎవడు వేస్తాడు? ట్యాంకులో చుక్క లేదు. మా ఆయన స్నానం లేకుండా కూచున్నాడు."

"గీ పోరడు దిగేదాక రానమ్మా."

"వీడేనా నీ మేనల్లుడు?" అంటూ చేయి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. చెట్టు మానుకు ఆనుకుని రాంచందర్ కునుకు తీస్తున్నాడు. ఎండ ఎక్కడంతో స్వెటరు, శాలువా తీసి కొమ్మకు వేశాడు. శ్యామలాంబగారి చూపు వాడి తాడు దగ్గర ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆ తాడు ఎందుకయ్యా కట్టావు?"

"పడకుండ."

"అది నడుం మీద లేదే. ఒళ్లో పడి ఉంది."

"నా ముడి జారదమ్మా. నలభై ఏండ్ల కట్టు," అని నవ్వాడు.

"ముడి జారలేదయ్యా. నడుమే తగ్గిపోయింది. కట్టె ఎండితే సన్నబడుద్దని తెలుసుగా నీకు. మనిషి ఎండితే తెలీదా?"

లక్ష్మీనర్సయ్య పైకి చూశాడు. ఆ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దానికింద మనిషి మాత్రం లేడు. అలాంటి ముఖం నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఇన్ని రోజులూ ప్రతి వాసం, ప్రతి కట్టు, ప్రతి కొమ్మ చూసుకున్నాడు. మనిషిని చూడలేదు. ఆయన మంచెల మీద కూర్చున్నవాళ్లు కోడికూర తిని ఎక్కిన షికారీలు, రాత్రికి రాత్రి సన్నబడినవాడు ఒక్కడూ లేడు. తాడు వలయం ఎంత పెద్దదిగా ఉందంటే, వాడు నిలబడితే చాలు, జారి కాళ్ల దగ్గర పడుతుంది. కాళ్లకు బంధం వేసినట్టే.

అప్పుడే ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి డప్పులు వినిపించాయి.

ఊరేగింపు వస్తోంది. చెట్టు కింద నినాదం లేస్తుంది. నినాదం లేస్తే రాంచందర్ లేస్తాడు.

"పిలుద్దాం!" అన్నాను.

లక్ష్మీనర్సయ్య చేయి నా నోటి మీద పడింది. "నిద్రల ఉన్నడు. పిలిస్తే ఉలికిపడతడు." అంతే అన్నాడు. చెప్పులు విడిచి, చింత వెనక వైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టాడు. నడుముకు తాడు లేకుండా! నడుం తాడు లేకుండా ఎవడైనా ఎక్కితే చెంప పగలగొట్టే మనిషి, ఒట్టి చేతులతో ఎక్కుతున్నాడు.

నేను ఊరేగింపుకు ఎదురు పరుగెత్తాను. ముందు నడుస్తున్నది స్నేహలత, రాంచందర్‌తో పాటే పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల.

"ఆపుండ్రి! సప్పుడు చెయ్యకుండ్రి! రాంచందర్ పడతడు!"

"పొద్దుగాల్నే మొదలువెట్టినవా సామేలన్నా?" అంది ఆగకుండానే. "నిన్ననేమో హెలికాప్టర్ దిగుతున్నదన్నవ్."

"నిజంగనే..."

"హెలికాప్టర్ గూడ నిజమే అన్నవ్."

వెనక నవ్వులు. డప్పులు నన్ను దాటిపోయాయి. ఎప్పుడూ మాటకు తడుముకోని నా నోరు మొదటిసారి పనికిరాకుండా పోయింది. అప్పుడు నడిరోడ్డు మీద, చింత చెట్టుకు కొంచెం ఇవతల, రెండు చేతులూ బార్లా చాచి శ్యామలాంబగారు నిలబడింది.

"ఆపండి! నినాదాలు ఇవ్వకండి!"

ఆ యాస వినగానే డప్పు తడబడింది. ఆ రోజుల్లో, ఆ క్యాంపస్‌లో, ఆ ఊరేగింపుకు ఎదురుగా నిలబడి కోస్తా యాసలో నినాదాలు ఆపమనడం!

"ఏందమ్మా? మా క్యాంపస్ల మమ్మల్నే నోరు మూసుకోమంటవా?" ఎవరో వెనక నుంచి అరిచారు. జనం ముందుకు ఒరిగారు.

ఆమె వాదన పెట్టుకోలేదు. స్నేహలత నడుముకు బిగించి కట్టుకున్న చున్నీని రెండు చేతులా పట్టుకుని, ముడి వదులు చేసి, ఇంత దూరం లాగి చూపించింది.

"వాడి తాడు ఇలా ఉందమ్మాయ్. నువ్వు జై అంటే వాడు లేస్తాడు. లేస్తే..." అని చున్నీని వదిలేసింది. అది జారి స్నేహలత పాదాల మీద పడింది.

స్నేహలత కిందికి చూసింది. తర్వాత చెట్టు మీదికి చూసింది. మాను వెనక బల్లిలా పాకుతున్న ఖాకీ చొక్కా కూడా కనపడింది. ఆ పిల్ల చేయి ఎత్తింది. డప్పులు ఆగాయి. వెనక అంత జనమూ ఆగింది. ఉద్యమం మొదలయ్యాక ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేనెరగను. చింతాకు రాలితే వినపడేంత.

ఆ నిశ్శబ్దానికే రాంచందర్ మేలుకున్నాడు.

రోజూ గోలలో నిద్రపోయినవాడికి గోల ఆగడమే ఉలికిపాటు. కింద వందలమంది నోళ్లు మూసుకుని తనవైపే చూస్తున్నారు. ఏమైందోనని కొమ్మ పట్టుకుని పైకి లేవబోయాడు. తాడు వలయం తొడల మీదుగా జారడం మేమందరం చూశాం. ఎవరమూ అరవలేదు. స్నేహలత తన చేతిని తానే కొరుక్కుంది.

అప్పుడు మంచె అంచు మీదికి ఒక చేయి వచ్చి, రాంచందర్ పాదం మీద పడింది. బెదిరిన ఎద్దును ఊరుకోబెట్టేటప్పుడు నాలుకతో చేసే చప్పుడు, చ్చ్ చ్చ్ అని, కింద మాక్కూడా వినిపించింది.

"కూసో అల్లుడా. మెల్లగ. కూసో."

రాంచందర్ కూర్చున్నాడు. లక్ష్మీనర్సయ్య మంచె మీదికి పాకి, తన ముడి తనే విప్పి, తాడును మేనల్లుడి ఛాతీకి, చంకల కింద నుంచి చుట్టి కట్టాడు. రెండు వేళ్లు లోపలికి దూర్చి బిగువు చూశాడు. వాడి మొహాన్ని కండువాతో తుడిచాడు. అక్కడ వాడికేం చెప్పాడో మాకు వినపడలేదు. రాంచందర్ నవ్వి, జనం వైపు తిరిగి పిడికిలి ఎత్తాడు, ఈసారి కూర్చునే. కింద ఒక్కరు కూడా జై అనలేదు. చేతులు మాత్రం ఎత్తారు.

వాడి వీపు వెనక లక్ష్మీనర్సయ్య దిగడం మొదలుపెట్టాడు. ఒక కాలు మంచె మీద, ఒక కాలు కొమ్మ వైపు. కాలు ఇటు తీసి అటు పెట్టేటప్పుడు.

పడిపోయాడు.

నన్ను ఇప్పటికీ నిద్రలో లేపి కూర్చోబెట్టేది ఆ పడటం కాదు. ఆయన అరవలేదు. రెండో అంతస్తు ఎత్తు నుంచి, కింది కొమ్మను విరుచుకుంటూ నేల మీద పడేదాకా ఆ మనిషి నోట్లోంచి ఒక్క చప్పుడు రాలేదు. పైన ఉన్నవాడు ఉలిక్కిపడతాడని.

నేను పరుగెత్తి దగ్గరికి పోయేసరికి కుడికాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. ముఖమంతా చెమట. వేలు పెదాల మీద పెట్టుకుని ఉన్నాడు, అరవకుండ్రి అన్నట్టు.

కొమ్మ విరిగిన చప్పుడుకు రాంచందర్ వెనక్కి తిరిగాడు. "మామా? ఏడున్నవ్?"

లక్ష్మీనర్సయ్య పడుకునే, గేటు దగ్గర రోజూ మాట్లాడే గొంతుతోనే జవాబిచ్చాడు.

"ఈడనే ఉన్న. మోటరు ఏసేదున్నది, పోతున్న."

నేను ఎన్ని అబద్ధాలు ఆడానో దేవుడికే తెలియాలి. అలాంటిది ఒక్కటి ఆడలేదు, ఆడలేను కూడా. స్నేహలత గబగబా పిల్లల్ని పిలిచి ఆయన చుట్టూ గోడలా నిలబెట్టింది, పై నుంచి కనపడకుండా. ఊరేగింపు బ్యానరు మీద పడుకోబెట్టి మోసుకెళ్లాం. తల పక్కన శ్యామలాంబగారు నడిచింది, వాకింగ్ బూట్లతో, ఏడుస్తూ, తిడుతూ. "మోటరంట, మోటరు! నోరు ముయ్యవయ్యా!"

సాయంత్రానికి రాంచందర్‌కు సంగతి తెలిసింది. ఎవరూ దింపలేదు, తనే నిచ్చెన వేసుకుని దిగాడు. ఛాతీకి కట్టిన ముడి మాత్రం విప్పుకోలేదు. పైన తాడు కోసి, ఆ ముడితోనే ఆస్పత్రికి వచ్చాడు. కాలికి కట్టు కట్టించుకుని పడుకున్న మేనమామ ముందు వంగి నిలబడ్డాడు. లక్ష్మీనర్సయ్య తన ముడి తనే విప్పాడు. శ్యామలాంబగారు ఫ్లాస్కు మూత తీసి మజ్జిగ పోసింది. ఆ మజ్జిగతోనే దీక్ష ముగిసింది. దాన్ని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

తెలంగాణ వచ్చింది. రాంచందర్ డిగ్రీ కాలేజీలో లెక్చరరయ్యాడు. లక్ష్మీనర్సయ్య ఒక కాలు ఈడ్చుకుంటూ అదే గేటు దగ్గర, అదే మోటరు. కుంటికాలు సంగతి అడిగిన పిల్లలకు, "పడలే బిడ్డా, దునికిన. కింద పులి ఉండె," అని చెబుతాడు. పై నుంచి శ్యామలాంబగారు, "పులి కాదురా, నేను!" అని అరుస్తుంది.

రాంచందర్ నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా లక్ష్మీనర్సయ్య కుర్చీలోంచి లేవకుండానే వాణ్ని దగ్గరికి లాక్కుని, నడుం బెల్టులో రెండు వేళ్లు దూర్చి చూస్తాడు. వాడికిప్పుడు పొట్ట వచ్చింది. ఒక్క వేలు కూడా దూరదు.

"ఇగో," అంటాడు తృప్తిగా. "గిప్పుడు ఎక్కొచ్చు మంచె."